రెండు సూదుల తేమ మీటర్‌తో రెండు చలికాలాలు

చలికాలంలో మా ఇంటికి కట్టెల పొయ్యే ఆధారం. దుంగలు కోయడం, చీల్చడం, పేర్చడం అన్నీ నేనే చేసుకుంటాను. రెండేళ్ల కిందట చలి మొదలైన వారానికే పొయ్యి అద్దం నల్లబడిపోయింది. కట్టె చివర్ల నుంచి నురగ బుసబుసా పొంగేది. ఎన్ని కట్టెలు వేసినా గది వెచ్చబడలేదు. అవి తొమ్మిది నెలలు ఎండిన కట్టెలు. చివర్లు పగిలాయి, బెరడు చేత్తో లాగితే ఊడి వచ్చేది. అందుకే ఎండాయని నమ్మాను. ఆ వారమే ఈ తేమ మీటర్ కొన్నాను.

అరచేతిలో పట్టే పరికరం. తలమీద రెండు స్టీలు సూదులు, వాటికో మూత. సూదుల్ని కట్టెలోకి గుచ్చితే వాటి మధ్య కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూసి తేమను శాతంలో చూపిస్తుంది. తడి ఎక్కువైతే కరెంటు తేలిగ్గా పారుతుంది. దీని పనితనమంతా ఇంతే.

మొదటి రోజు పేర్పులోంచి లావుపాటి కట్టె ఒకటి తీసి పైన గుచ్చితే 16 చూపించింది. ఇరవై లోపు ఉంటే పొయ్యికి పనికొస్తుంది, మరి ఈ నురగేంటి? అదే కట్టెను మధ్యకు చీల్చి, కొత్తగా తెరుచుకున్న ముఖం మీద, నడిమధ్యలో, సూదులు రెండూ పీచు వెంబడి ఉండేలా గుచ్చాను. 31. నా టెన్షన్‌కి జవాబు అక్కడ దొరికింది. మీరు ఈ మీటర్ కొంటే ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి: బయట గుచ్చితే బయటి సంగతే చెబుతుంది. సూదులు దిగేది కొన్ని మిల్లీమీటర్లే. చీల్చి చూడాల్సిందే.

అంకె ఎంతవరకు నిజమో చూడాలనిపించి, మీటర్ 19 చూపించిన కట్టె నుంచి ఒక ముక్క కోసి తూచాను. 246 గ్రాములు. సుమారు 105 డిగ్రీల ఓవెన్లో, బరువు తగ్గడం ఆగేదాకా ఉంచితే 207కి దిగింది. పోయిన నీరు 39 గ్రాములు, అంటే పొడి కట్టె బరువులో 18.8 శాతం. చాలా సంతోషం వేసింది. తర్వాత అప్పుడే కొట్టిన పచ్చి కట్టె ముక్కతో ఇదే చేశాను. మీటర్ 38 అంది, ఓవెన్ లెక్కలో 55 దాటింది. కాబట్టి 30 పైన వచ్చే అంకెను నమ్మకండి. "పచ్చిది" అని మాత్రం అర్థం చేసుకోండి. పొయ్యికి కావాల్సింది 20 దగ్గరి అంకె. అక్కడ ఇది సరిగ్గానే పనిచేస్తోంది.

లోపాలూ ఉన్నాయి. గట్టి చేవలో గుచ్చి పక్కకు ఊపితే సూది వంగిపోతుంది. నాకు ఒకటి వంగింది. విడి సూదులు రెండు పెట్టెలోనే ఇచ్చారు కాబట్టి సరిపోయింది. గడ్డకట్టే చలిలో ఉన్న కట్టెకు తేమ తక్కువ చూపిస్తుంది. కట్టెను రాత్రంతా ఇంట్లో ఉంచి, పొద్దున చీల్చి చూడటం మేలు. మూత వదులుగా ఉంది, జేబులో ఊడిపోతుంది, సూదులు గుచ్చుకుంటాయి.

ఇది కొన్నాక నేను కట్టెలు చీల్చే తీరు మారింది. అంతకుముందు పొయ్యి నోట్లో పట్టే దుంగను చీల్చకుండానే వదిలేసేవాణ్ణి. బెరడు నీటిని లోపలే పట్టి ఉంచుతుంది. ఇప్పుడు మణికట్టంత లావుకు మించినదేదైనా చీల్చే తీరతాను. నేల తగలకుండా కింద అడ్డకర్రలు వేసి, ఒకే వరసలో, కోసిన చివర్లు గాలి వచ్చే వైపుకు ఉండేలా పేరుస్తాను. పైన మాత్రమే రేకు కప్పుతాను, పక్కలు తెరిచే ఉంచుతాను. పక్కలు కూడా పట్టాతో మూసిన పాత పేర్పులో బూజు పట్టింది, మీటర్ 27 దగ్గరే ఆగిపోయింది.

కట్టెలో మిగిలిన ప్రతి లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2.26 మెగాజౌళ్ల వేడి పడుతుంది. అదంతా గదికి రావాల్సిన వేడే. తడి కట్టె పొగ తారులాగా పొగగొట్టంలో పేరుకుంటుంది, అది రాజుకుంటే గొట్టమే మండుతుంది. ఇంట్లో పిల్లలున్నారు, నాకు ఇది చిన్న విషయం కాదు.

మా నాన్న రెండు పేళ్లను ఒకదానితో ఒకటి కొట్టి, చప్పుడు విని చెప్పేవారు. టంగుమంటే ఎండింది, దబ్‌మంటే పచ్చి. నేనూ ముందు అలాగే కొట్టి చూస్తాను. అనుమానం వచ్చిన వాటికే మీటర్. మొన్న వెనక వరసలో ఐదు కట్టెలు చీల్చి చూస్తే 16 నుంచి 18 వచ్చాయి. ముందు వరసలో ఓక్ చెట్టు కట్టె ఇంకా 26 దగ్గరే ఉంది. దాని మీద సుద్దముక్కతో తేదీ రాసి, వచ్చే చలికాలానికని పక్కన పెట్టాను.