వాయె రెబోనా, బెనానా: ఫ్లోరెస్‌లో ఒక్క ఊరే చూడగలిగితే ఏది మేలు?

బాలి వెళ్ళే మనవాళ్ళలో ఈమధ్య చాలామంది పెద్ద ఉడుములుండే కొమొడో దీవి కూడా కలుపుకుంటున్నారు. బాలిలోని డెన్‌పసార్‌లో విమానం ఎక్కితే గంట పైచిలుకులో ఫ్లోరెస్ దీవి పడమటి కొసన ఉన్న లాబువాన్ బాజో. అక్కడ పడవెక్కి ఆ పెద్ద ఉడుముల్ని చూసి, గులాబీ రంగు ఇసుక మీద నాలుగు ఫోటోలు దిగి వెనక్కి వచ్చేస్తారు. దీవి లోపలికి వెళ్ళేవాళ్ళు తక్కువ. వెళ్దామనుకునే కొద్దిమందికి మాత్రం వాయె రెబోకి వెళ్ళాలా, బెనాకి వెళ్ళాలా అన్న ప్రశ్న తప్పదు. రెండూ కొండల్లోని పాత ఊళ్ళే, రెండూ ఇండోనేషియా టూరిజం పోస్టర్ల మీద కనిపించేవే, సెలవేమో ఒక్కదానికే సరిపోతుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. రాత్రి ఊళ్ళోనే పడుకునేటట్టయితే వాయె రెబో. పడుకోకుండా చూసి వచ్చేద్దాం అనుకుంటే మాత్రం వాయె రెబో వద్దు, బెనాకే వెళ్ళండి.

ముందు దారి సంగతి, ఎందుకంటే చాలామంది పొరపడేది ఇక్కడే. బెనా గుమ్మం దాకా కారు వెళ్తుంది కాబట్టి అది సులువు, వాయె రెబోకి నడవాలి కాబట్టి అది కష్టం అనుకుంటారు. కాళ్ళకైతే నిజమే. గడియారానికి కాదు. లాబువాన్ బాజో నుంచి వాయె రెబో దారిలో చివరి ఊరైన దెంగెకి నాలుగైదు గంటల ప్రయాణం, అక్కడ బైకు మాట్లాడుకుని ఇంకాస్త పైకి వెళ్తే, ఆ తర్వాత అడవిలో రెండు మూడు గంటల ఎక్కుడు. బెనాకి వెళ్ళాలంటే ముందు బజావా పట్నం చేరాలి, అది రుతెంగ్ మీదుగా రోజంతా మెలికలు తిరిగే కొండదారి. కారు పడనివాళ్ళకి ఆ మలుపులకంటే వాయె రెబో ఎక్కుడే నయమనిపిస్తుంది. బజావా నుంచి బెనా ఇరవై కిలోమీటర్లలోపే. కాబట్టి కొమొడో చూసి మళ్ళీ లాబువాన్ బాజో నుంచే విమానం ఎక్కేవాళ్ళకి, వింతగా ఉన్నా, నడవాల్సిన ఊరే దగ్గర. అదే తూర్పుకి సాగిపోయి మూడు రంగుల సరస్సులున్న కెలిముతు చూసి ఎండె పట్నం నుంచి విమానంలో బయటపడదాం అనుకుంటే బెనా దారిలోనే తగులుతుంది.

ఇక ఊళ్ళు. వాయె రెబో మంగ్గరాయ్ ప్రజల ఊరు, సముద్రమట్టానికి 1,100 మీటర్ల పైన, చుట్టూ అడవి కొండలు, మధ్యలో పచ్చికబయలు, దాని అంచున అర్ధచంద్రాకారంలో ఏడు ఇళ్ళు. అంతే ఊరు. ఇంటి పేరు మ్బారు నియాంగ్. శ్రీకాకుళం, విజయనగరం వైపు చుట్టిళ్ళు చూసినవాళ్ళకి ఈ ఇల్లు వెంటనే అర్థమవుతుంది: ఆ చుట్టింటినే పట్టుకుని పైకి లాగి పదిహేను మీటర్లు చేస్తే ఎలా ఉంటుందో అలా, కప్పు దాదాపు నేల దాకా దిగి ఉంటుంది, గోడ కనిపించదు. లోపల ఐదు అంతస్తులు. కింద మనుషులు, ఆపైన సామాను, తిండి, దాని మీద విత్తనాలు, ఆపైన కరువుకాలం కోసం దాచిన ధాన్యం, అన్నిటికంటే పైన పూర్వీకులకి నైవేద్యం. మేకులు కొట్టరు, పేము బద్దలతో కట్టడమే. ఏడింటిలో పెద్దదైన ఢోలు ఇంట్లో ఎనిమిది కుటుంబాలు ఉంటాయి, ఊరి పవిత్రమైన ఢోళ్ళు అక్కడే వేలాడతాయి.

ఈ అందం వెనక ఒక కథ ఉంది, అది తెలియకపోతే సగం చూసినట్టే. 2008లో జకార్తా ఆర్కిటెక్ట్ యోరి అంతర్ బృందం ఇక్కడికి వచ్చేసరికి నాలుగు ఇళ్ళే మిగిలాయి. బయటి దాతల డబ్బుతో, ఊరివాళ్ళ చేతులతోనే మళ్ళీ ఏడూ లేచాయి, పెద్దవాళ్ళకే తెలిసిన కట్టుబడి కుర్రవాళ్ళకి అబ్బింది. ఆ పనికి 2012లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో అత్యున్నతమైనది దక్కింది. కాబట్టి "కాలం ఆగిపోయిన ఊరు" అని ఎవరైనా అంటే నమ్మకండి, కాలం ఆగలేదు, ఊరే పట్టుబట్టి వెనక్కి తెచ్చుకుంది. బడి లేదు కాబట్టి పిల్లలు చదువు కోసం కింద కొంబో అనే జంట ఊళ్ళో ఉంటారు. వరి అక్కడ పండించరు, కాఫీ దింపుకెళ్ళి బియ్యం మోసుకొస్తారు. మీరు ఆయాసపడుతూ ఎక్కే బాటలోనే, భుజాన మూటతో.

బెనా కథ వేరు. ఇనెరియె అనే 2,245 మీటర్ల అగ్నిపర్వతం కింద, న్గాడా ప్రజల ఊరు. నలభై పైచిలుకు ఇళ్ళు, ఎదురెదురుగా రెండు వరసల్లో, మధ్యలో మెట్లు మెట్లుగా దిగే రాతి ముంగిలి. తొమ్మిది వంశాలు. ఒక్కో వంశానికి ముంగిట్లో గొడుగు లాంటి కప్పున్న చెక్కడపు స్తంభం ఒకటి, చిన్న ఇల్లు ఒకటి: మొదటిదాన్ని న్గదు అంటారు, మూలపురుషుడికి గుర్తు, రెండోది భగ, మూలస్త్రీకి. వాటి మధ్య నిలబెట్టిన పెద్ద పెద్ద రాళ్ళు. ఇక్కడ వంశం తల్లి వైపు నుంచి సాగుతుంది, ఇల్లు ఆడవాళ్ళది. ఇంటి ముందు వేలాడే దున్న కొమ్ములు, పంది దవడలు ఆ ఇంట్లో జరిగిన బలుల లెక్క. ఇవన్నీ చూసుకుంటూ పై కొసకి వెళ్తే మేరీమాత గుడి, ఎందుకంటే ఫ్లోరెస్‌లో ఎక్కువమంది కేథలిక్కులే, రాళ్ళనీ వదలలేదు, చర్చినీ వదలలేదు.

నిజం చెప్పాలంటే చదువుకోవడానికి, అంటే చూసి అర్థం చేసుకోవడానికి, బెనాయే మేలు. గంటలో కూడా బోలెడు తెలుస్తుంది, అన్నీ కళ్ళముందే ఆరుబయట ఉన్నాయి, పక్కన చెప్పే మనిషి ఉంటే చాలు. ఆడవాళ్ళు అరుగుల మీద మగ్గం వేసుకుని ఇకత్, అంటే నూలుకి ముడులు కట్టి రంగు అద్ది నేసే గుడ్డ, నేస్తుంటారు, పోచంపల్లి చీర తెలిసినవాళ్ళు ఆ నూలు ముడుల దగ్గర కూర్చున్నారంటే లేవడం కష్టం. గుడ్డ కొంటే నేసినామె చేతికే డబ్బు వెళ్తుంది. వాయె రెబోలో అలా కాదు, మొదటి గంటలో ఏమీ అర్థం కాదు. చేరగానే ఢోలు ఇంట్లోకి తీసుకెళ్తారు, ఊరిపెద్ద పూర్వీకులకి మీ రాక గురించి చెప్పి అనుమతి అడుగుతాడు, మీరు కొంత కానుక పెడతారు, అది అయ్యాకే కెమెరా బయటికి తీయాలి. ఆ తర్వాత ఏడు ఇళ్ళు, పొగమంచు, కాఫీ. అప్పుడే తిరుగుముఖం పట్టినవాడికి ఫోటో తప్ప ఏం దక్కుతుంది? అతిథుల కోసం ఉంచిన ఇంట్లో చాప మీద ఇరవై ముప్ఫై మందితో కలిసి పడుకుని, చలికి రెండు దుప్పట్లు కప్పుకుని, తెల్లవారుజామున అతిథుల గుంపు లేవకముందే బయట కూర్చున్నవాళ్ళకే ఆ ఊరు కాస్తంత పట్టుబడుతుంది.

ఖర్చు పెద్ద తేడా కాదు. వాయె రెబోలో రాత్రి బస, భోజనంతో కలిపి తలకి మూడు లక్షల పైచిలుకు వాళ్ళ రూపాయలు, మన డబ్బులో రెండు వేల లోపు, రేట్లు మారుతుంటాయి కాబట్టి వెళ్ళేముందు అడగండి. బెనా టికెట్ నామమాత్రం, కానీ బజావాలో గది, కారు డ్రైవరు ఖర్చు కలిపితే అది పైకి పోతుంది. తిండి రెండుచోట్లా అన్నం, ఆకుకూర, గుడ్డో కోడో. శాకాహారులు ముందే చెప్పాలి. ఆవకాయ డబ్బా పట్టుకెళ్తానంటే పట్టుకెళ్ళండి, మోసేది మీరే.

మోకాళ్ళు నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్తే వాయె రెబో మాట ఎత్తొద్దు. వానాకాలంలో బాట జారుతుంది, జలగలు పడతాయి, ఫోను పలకదు. పదేళ్ళు దాటిన పిల్లలైతే మాత్రం నవ్వుతూ ఎక్కేస్తారు. పండగ రోజుల్లో వెళ్ళగలిగితే వాయె రెబోకి నవంబరులో పెంతి, బెనాకి డిసెంబరు ఆఖర్లో రెబా. అప్పుడు జనం ఎక్కువ, అయినా ఊరు ఊరిలా ఉంటుంది.

జకార్తాలో ఉద్యోగాలు చేసే మనవాళ్ళు కొందరు, అంత దూరం ఎందుకు, పక్కనే పాత పద్ధతులు వదలని బదుయ్ తెగవాళ్ళ ఊళ్ళున్నాయిగా అంటారు. వెళ్ళొచ్చు, కానీ లోపలి బదుయ్ ఊళ్ళలోకి విదేశీయుల్ని రానివ్వరు, బయటి ఊళ్ళ దాకానే.

బెనాకి వెళ్ళేవాళ్ళకి ఒక చిన్న సలహా. ఒకేసారి నాలుగు బస్సులు దిగాయనుకోండి, విసుక్కుని వెనక్కి రాకండి. అక్కడికి దగ్గర్లోనే లుబా అని చిన్న ఊరుంది, అవే స్తంభాలు, అవే చిన్న ఇళ్ళు, పర్యాటకులు బాగా తక్కువ. ముందు అక్కడికి నడిచి వెళ్ళి, బస్సులు కదిలాక బెనాకి రండి.