డాక్టర్ల సంఘంలో అకౌంట్సా, పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ఫైనాన్సా: ఏది మేలు?

సీఏ ఇంటర్ దాకా చదివి, హైదరాబాద్ వెళ్లకుండా భీమవరం, కాకినాడ, రాజమండ్రిలోనే స్థిరపడాలనుకునే పిల్లలు ఈ మాట తరచూ అడుగుతున్నారు. రొయ్యల ఎగుమతి కంపెనీల్లోనూ ఉద్యోగాలున్నాయి కానీ, వైద్యరంగమే కావాలనుకుంటే ముందున్నవి ఈ రెండే.

జీతం సంగతి ముందే తేల్చేద్దాం. ఆసుపత్రే ఎక్కువిస్తుంది. సంఘం ఆఫీసులో ఉండేది నలుగురైదుగురు. పీఎఫ్ 20 మంది, గ్రాట్యుటీ 10 మంది ఉన్నచోటే చట్టప్రకారం తప్పనిసరి. అందుకే చేరేముందే అడిగి, అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాయించుకోండి. "మన డాక్టరుగారే కదా, చూసుకుంటారులే" అని ఊరుకోవద్దు. వచ్చే ఏడాది ఆయన కార్యదర్శిగా ఉండకపోవచ్చు.

ఇక పని. ఆసుపత్రిలో మీకు ఒక సీటు ఇస్తారు. ఎన్టీఆర్ వైద్య సేవ క్లెయిములో, ఇన్సూరెన్సు బిల్లులో, మందుల కొనుగోళ్లో ఏదో ఒకటి. దానిమీద గట్టి పట్టు వస్తుంది, నిజమే. నెలాఖరు టెన్షనూ ఉంటుంది. కానీ పక్క సీటులో ఏం జరుగుతుందో మూడేళ్లయినా తెలియకపోవచ్చు.

సంఘంలో రసీదు పుస్తకం మొదలు ఆడిట్ దాకా అంతా మీ చేతిమీదుగానే వెళ్తుంది. జూలై, ఆగస్టుల్లో గోదావరికి వరదొస్తే లంక గ్రామాల్లో వైద్య శిబిరాలు పెడతారు. పడవ అద్దె, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, క్లోరిన్ బిళ్లలు, వలంటీర్లకు భోజనాలు, అన్నీ అప్పటికప్పుడే. పడవవాడు బిల్లివ్వడు. అతని పేరు, ఊరు, సంతకంతో అక్కడే ఓచర్ రాయించాలి. ఒకే మనిషికి ఒకే రోజు 10,000 రూపాయలు మించి నగదు ఇచ్చారా, పన్ను లెక్కలో ఆ ఖర్చు చెల్లదు. దాత 2,000 దాటి నగదుగా ఇస్తే ఆయనకు ఆ విరాళంమీద పన్ను రాయితీ రాదు. ఆ ముక్క రసీదు కోసేముందే చెప్పాలి. సంఘానికి పన్ను మినహాయింపు కావాలంటే, వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆ ఏడే దాని ఆశయాలకు ఖర్చుపెట్టాలి. అంతకు తక్కువ ఖర్చుపెట్టి మిగుల్చుకోవాలంటే దేనికో చెప్పి గడువులోగా ఫారం వేయాలి.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష వార్షిక సదస్సు. మందుల కంపెనీల స్టాళ్ల డబ్బు వస్తుంది, దానిమీద జీఎస్టీ ప్రశ్న వస్తుంది. 2024లో కేంద్రం మందుల కంపెనీలకు పెట్టిన మార్కెటింగ్ నియమావళి ప్రకారం, వైద్యుల సదస్సులకు అవి ఇచ్చే ప్రతి రూపాయికీ లెక్క ఉండాలి. ఊరంతా పేరున్న డాక్టరుగారు "బిల్లు తర్వాత పంపిస్తానమ్మా, ముందు చెక్కు రాసెయ్యి" అంటే, మర్యాద తప్పకుండా "బిల్లు రానివ్వండి సార్" అనగలగాలి. ఈ ఉద్యోగానికి అసలైన అర్హత నా దృష్టిలో అదే.

ఎందుకంటే అధ్యక్ష, కార్యదర్శులు, కోశాధికారి మారుతూనే ఉంటారు. భవనం డిపాజిట్ ఏ బ్యాంకులో ఉంది, ఫలానా విరాళం ఏ షరతుమీద వచ్చింది అన్నవి గుర్తుండేది అకౌంటెంటుకే. ఆసుపత్రిలో మీరు సెలవు పెడితే ఇంకొకరు చూస్తారు. ఇక్కడ మీరు సరిగా రాసిపెట్టకపోతే సభ్యుల సొమ్ముకు ఆనవాలే ఉండదు.

నా ఓటు సంఘానికే. అయితే ఇల్లు మీ జీతంమీదే నడుస్తుంటే, లేదా ఇదే మొదటి ఉద్యోగమైతే, ముందు ఆసుపత్రిలో చేరండి. సంఘంలో తప్పు దిద్దే సీనియర్ ఉండరు.

సంఘంలో చేరదలచుకుంటే మాత్రం గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు చూపించమనండి. వెంటనే తీసి ఇచ్చారా, జీతం కాస్త తక్కువైనా చేరిపోండి. "అవన్నీ ఇప్పుడెందుకమ్మా" అన్నారా, ఎంత ఇస్తామన్నా వద్దు.