టెన్సుల కోసం నీలి అట్ట గ్రామర్: ఏది కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, నాలుగు వాక్యాలు రాయబోతే మాత్రం టెన్సు దగ్గర చెయ్యి ఆగిపోతుంది అనేవాళ్లు కళ్లు మూసుకుని కొనదగ్గ పుస్తకం రేమండ్ మర్ఫీ 'ఇంగ్లిష్ గ్రామర్ ఇన్ యూజ్'. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ దీన్ని మొదట 1985లో వేసింది. అయిదో ఎడిషన్ 2019లో వచ్చింది. మొత్తం 145 యూనిట్లు. ఎడమ పేజీలో వివరణ, కుడి పేజీలో అభ్యాసాలు. టెన్సుల పని దాదాపుగా మొదటి 25 యూనిట్లలో, అంటే 50 పేజీల్లో అయిపోతుంది.

కొనేటప్పుడు అట్ట మీద 'విత్ ఆన్సర్స్' అని ఉందో లేదో చూడండి. జవాబులు లేని కాపీ కూడా అమ్ముతారు, అది క్లాసుల్లో వాడుకోడానికి. ఇంట్లో సొంతంగా నేర్చుకునేవారికి దానితో ఉపయోగం లేదు. వివరణ అంతా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది కాబట్టి చిన్న వాక్యాలు చదవడమే కష్టమైతే ముందు ఇదే రచయిత ఎర్ర అట్ట 'ఎసెన్షియల్' పుస్తకం పూర్తి చేసి దీనికి రండి.

మన బళ్లలో పన్నెండు టెన్సుల పట్టిక బట్టీ పట్టిస్తారు. ఈ పుస్తకంలో ఆ పట్టికకు చోటు లేదు. ఫ్యూచర్ పర్ఫెక్ట్ కంటిన్యువస్‌కు ప్రత్యేకంగా యూనిట్ కూడా లేదు. అదే సమయంలో ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కూ, దానికీ పాస్ట్‌కూ ఉన్న తేడాకూ కలిపి 7 నుంచి 14 దాకా ఎనిమిది యూనిట్లు కేటాయించారు. తడబడే చోటికి తగినంత జాగా ఇవ్వడమే దీని గొప్పతనం.

మొదటి పేజీ నుంచి వరసగా చెయ్యక్కర్లేదు. ముందు యూనిట్ 5, తర్వాత 7, 8, ఆపైన 13, 14 చెయ్యండి. "ఐ హ్యావ్ లాస్ట్ మై పర్స్" అంటే పర్సు ఇంకా దొరకలేదని. "ఐ లాస్ట్ మై పర్స్" అంటే పోయిందన్నంత వరకే. తర్వాత దొరికిందో లేదో ఆ వాక్యం చెప్పదు. తెలుగులో రెండింటికీ 'పోగొట్టుకున్నాను' సరిపోతుంది, అందుకే మనకు ఈ తేడా ఒక పట్టాన చెవికెక్కదు. కాలం చెప్పే మాటను పట్టుకోండి. యెస్టర్‌డే, లాస్ట్ వీక్, టూ డేస్ ఎగో లాంటివి ఉంటే "ఐ హ్యావ్ సీన్ హిమ్" కుదరదు, "ఐ సా హిమ్" అనాలి. 'దిస్ మార్నింగ్' దగ్గర మాత్రం గడియారం చూడాలి: పొద్దున పదకొండుకైతే "హ్యావ్ యూ సీన్ హిమ్ దిస్ మార్నింగ్?", సాయంత్రం నాలుగుకైతే "డిడ్ యూ సీ హిమ్ దిస్ మార్నింగ్?"

తర్వాత 9 నుంచి 12. "అయిదేళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను" అనడానికి మనవాళ్లు "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అంటారు. ఇందులో తప్పులు రెండు. చాలామంది సిన్స్ తీసి ఫర్ పెట్టి ఊరుకుంటారు, యామ్ వర్కింగ్ అలాగే ఉండిపోతుంది. "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్" అన్నప్పుడే వాక్యం సరైనట్టు.

'రోజూ వస్తాను', 'రేపు వస్తాను' రెండూ మనకు ఒకటే రూపం. అందువల్లే "ఐ విల్ గెట్ అప్ ఎట్ సిక్స్ ఎవ్రీ డే" లాంటివి దొర్లుతాయి. అలవాటు చెప్పాలంటే "ఐ గెట్ అప్" చాలు. యూనిట్ 2 చేసిన వెంటనే 19 నుంచి 23 చేస్తే ఇది తేలిపోతుంది. యూనిట్ 25 అస్సలు వదలొద్దు: "వెన్ ఐ విల్ రీచ్ హోమ్" కాదు, "వెన్ ఐ రీచ్ హోమ్, ఐ విల్ కాల్ యూ".

జవాబులు పుస్తకంలో నింపకుండా నోటుబుక్కులో రాయండి, వారం తర్వాత అదే పేజీ మళ్లీ చెయ్యొచ్చు. తప్పు పోయిన ప్రతిచోటా ఎడమ పేజీలో ఎ, బి, సి భాగాల్లో దాని సూత్రం ఎక్కడుందో వెతికి, మీ పని గురించి రెండు సొంత వాక్యాలు రాయండి. ఇది ఎగ్గొట్టినవాళ్లకు ఖాళీలు నింపడం వస్తుంది, మెయిల్ రాయడం రాదు. వెనక 'అడిషనల్ ఎక్సర్‌సైజెస్' కూడా ఉన్నాయి. యూనిట్లు కలగలిపి ఇస్తారు గనక అసలు పరీక్ష అక్కడే.

లోపాలూ ఉన్నాయి. ఇది ప్రపంచమంతటికీ రాసింది, మన దేశపు తప్పులు దీనికి తెలియవు. "ఐ హ్యాడ్ గాన్ టు వైజాగ్ లాస్ట్ వీక్" అనడం మన దగ్గర బాగా అలవాటు. యూనిట్ 15లో హ్యాడ్ ఎప్పుడు వాడాలో స్పష్టంగానే ఉంది, అనవసరంగా వాడేవారికి హెచ్చరిక మాత్రం లేదు. గతంలోనే దాని తర్వాత జరిగిన ఇంకో సంగతి లేకపోతే హ్యాడ్ తీసేసి "ఐ వెంట్" అనండి. అభ్యాసాలు ఎక్కువగా విడి వాక్యాలే కావడం మరో లోటు. పేరా అంతటా టెన్సు నిలబెట్టడం దీనితో రాదు. నిన్నటి రోజు గురించి పది వాక్యాలు రాసి, ప్రతి క్రియ కింద గీత గీసి సరిచూసుకోవడం విడిగా చెయ్యాల్సిందే.

భాష బ్రిటిష్ ఇంగ్లిష్. అమెరికా వెళ్లేవాళ్లు ఏడో అనుబంధం చూసుకోండి. "ఐ జస్ట్ హ్యాడ్ లంచ్" అని అక్కడ హ్యావ్ లేకుండానే అంటారు, తప్పు కాదు. పాత పుస్తకాల షాపులో 2012 నాటి నాలుగో ఎడిషన్ దొరికితే నిశ్చింతగా కొనొచ్చు. అంతకుముందు ఎవరైనా జవాబులు పెన్నుతో నింపేసి ఉన్నారేమో కుడి పేజీలు తిప్పి చూడండి.