ఇంగ్లండ్ పాత బంగళాల్లో వాలంటీరు పని: బయట అదుర్స్, లోపల చలి, ఆఫీసు నత్తనడక

ముందే మార్కులు వేసేస్తాను. బయటి పనికి అయిదుకి అయిదు, బంగళా లోపలి పనికి నాలుగు, మనల్ని చేర్చుకునే ఆఫీసు వ్యవహారానికి రెండు, అదీ మొహమాటంతో. పాత జమీందారీ భవంతుల్నీ, వాటి చుట్టూ ఉన్న తోటల్నీ, అడవుల్నీ, పొలాల్నీ కాపాడే ఒక సంస్థలో కొంతకాలంగా వాలంటీరుగా చేస్తున్నాను. కింద నాలుగు ఫిర్యాదులు ఉన్నాయి, అక్కడ పనిచేసేవాళ్ళేమో మంచివాళ్ళు, అందుకని సంస్థ పేరూ బంగళా పేరూ చెప్పడం లేదు.

ఈ రంగంలో అందరికీ తెలిసిన పేరు నేషనల్ ట్రస్ట్. 1895లో ఆక్టేవియా హిల్, రాబర్ట్ హంటర్, హార్డ్‌విక్ రాన్స్‌లీ అని ముగ్గురు కలిసి పెట్టారు. మరుసటి ఏడాదే ఆల్‌ఫ్రిస్టన్ ఊళ్ళో కూలిపోయేలా ఉన్న ఒక పాత పాదిరీ ఇంటిని పది పౌండ్లకి కొన్నారు, వాళ్ళు కొన్న మొదటి కట్టడం అదే. 1907 చట్టంతో, ట్రస్టు ఒకసారి శాశ్వతం అని ప్రకటించిన ఆస్తిని అమ్మడానికి వీల్లేకుండా పోయింది. ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ దీని కిందకి వస్తాయి, స్కాట్లండ్‌కి 1931 నుంచి వేరే ట్రస్టు ఉంది. ఇవి కాక ఇంగ్లిష్ హెరిటేజ్ ఉంది, బంగళాల గొడవ లేకుండా అచ్చంగా చెట్టూ పుట్టా పని కావాలంటే కన్సర్వేషన్ వాలంటీర్స్ లాంటివి ఉన్నాయి. మీకు దగ్గర్లో ఏది ఉంటే అందులో చూసుకోండి, పని స్వభావం ఎక్కడైనా ఇంచుమించు ఒకటే.

ఇక ఆఫీసు సంగతి. ఆన్‌లైన్‌లో ఫారం నింపాక నాకు జవాబు రావడానికి ఎంత టైం పట్టిందంటే అప్లై చేసిన సంగతే మర్చిపోయాను. తర్వాత ఒక ఫోను, రిఫరెన్సులు, నిచ్చెన ఎలా ఎక్కాలి, బరువు ఎలా ఎత్తాలి లాంటి వీడియోలు. అవన్నీ అవసరమే, కాదనను, కానీ ఊరికే చేస్తానన్న మనిషిని ఉద్యోగానికి వచ్చినవాడిలా ఇన్నాళ్ళు వెయిట్ చేయించడం ఏమిటో. పైగా పనుల్లో ఎక్కువ భాగం మామూలు వారం రోజుల్లోనే పెడతారు. రిటైరైనవాళ్ళకి హాయి, ఉద్యోగం చేసుకునే మనకి మాత్రం శనాదివారాలే దిక్కు, ఆ శనాదివారాల్లో ఖాళీలు తక్కువ. ఇంకోటి, ఈ బంగళాలు ఊరికి దూరంగా ఉంటాయి, ఆదివారం బస్సు ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు. ప్రయాణం ఖర్చులు చాలా చోట్ల ఒక పరిమితి వరకు ఇస్తారు కానీ కారు లేనివాళ్ళకి బస్సే లేనప్పుడు ఆ డబ్బు ఏం చేసుకోను?

లోపలి పని రెండు రకాలు. ఒకటి గదిలో నిలబడి వచ్చినవాళ్ళకి చెప్పడం, రెండోది శుభ్రం చేయడం. చాలామంది మొదటిదానికి ఎగబడతారు, నన్నడిగితే రెండోదే అసలు మజా. శీతాకాలంలో జనం తగ్గినప్పుడు లైబ్రరీ పుస్తకాలు దింపుతారు. ఒక్కో పుస్తకాన్నీ మెత్తటి దిండు మీద పెట్టి, గుర్రపు వెంట్రుకల కుంచెతో వెన్ను వైపు నుంచి బయటికి మెల్లగా ఊడుస్తాం. దుమ్మంతా కాగితాల పై అంచున పేరుకుని ఉంటుంది కదా, అందుకని పుస్తకాన్ని గట్టిగా మూసి పట్టుకోవాలి, లేదంటే అది లోపలికి జారిపోతుంది. పక్కనే సన్న వాక్యూమ్ గొట్టం, దాని మూతికి పల్చటి వలగుడ్డ కట్టి ఉంటుంది, తోలు అట్ట నుంచి చిన్న పెచ్చు ఊడినా గొట్టంలోకి పోకుండా ఆ గుడ్డ దగ్గరే ఆగిపోవాలని. ఒక పుస్తకాల అర పూర్తయ్యేసరికి పూట గడిచిపోతుంది. ఎవరూ తొందర పెట్టరు, ఫోను చూడాలనిపించదు. టెన్షన్‌తో నిద్ర పట్టని ఐటీ జనానికి నేను ముందుగా చెప్పేది ఈ పనే.

గదిలో నిలబడే పనికి మాత్రం రెండు స్వెట్టర్లు కావాలి. ఆ ఇళ్ళలో హీటింగ్ మన కోసం కాదు, సామాను కోసం. గాలిలో తేమ పెరిగితే బూజు, తగ్గితే చెక్క పగులుతుంది, అందుకని తేమని బట్టి హీటర్ వెలుగుతుంది, ఆగిపోతుంది, మన వేళ్ళు కొంకర్లు పోయినా దానికి పట్టదు. వెలుతురూ అంతే. పాత పట్టు తెరలు, నీటిరంగుల బొమ్మలు ఉన్న చోట వెలుతురు కొలతలో యాభై లక్స్ దాటనివ్వరు, ఎండ వల్ల వెలిసిన రంగు మళ్ళీ రాదు కాబట్టి. వచ్చేవాళ్ళలో పదిమందికి ఒకరైనా "ఇంత చీకటేంటి, కరెంటు ఆదా చేస్తున్నారా?" అని అడుగుతారు. ఓపిగ్గా చెప్పాలి. పాత కుర్చీ మీద ఎవరూ కూర్చోకుండా బోర్డు పెట్టరు, ఒక పైన్ కాయో ముళ్ళున్న ఎండు పువ్వో పెట్టి ఊరుకుంటారు. నాకు బాగా నచ్చిన ఏర్పాటు అది. మాటా మంతీ లేకుండా పని జరిగిపోతుంది.

ఇక మనవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న, ఈ సొమ్మంతా ఎక్కడిది అని. నేషనల్ ట్రస్టే 2020లో ఒక నివేదిక వేసి, తన చేతిలో ఉన్న చోట్లలో 93కి బానిస వ్యాపారంతోనో వలస పాలనతోనో సంబంధం ఉందని ఒప్పుకుంది, దాని మీద పెద్ద రచ్చే జరిగింది. వేల్స్‌లో పొవిస్ కోటకి వెళ్తే క్లైవ్ కుటుంబం పోగేసిన సామాను కనిపిస్తుంది, టిప్పు సుల్తాను గుడారం కూడా అందులోదే. 1799లో శ్రీరంగపట్నం పడిపోయినప్పుడు మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్. వాళ్ళ నాన్న రాబర్ట్ క్లైవే 1765లో షా ఆలం పాదుషా నుంచి బెంగాల్ దివానీతో పాటు మన ఉత్తర సర్కారులకీ ఫర్మానా సంపాదించినవాడు. గుంటూరు, కృష్ణా, గోదావరి, విశాఖ, గంజాం వైపు ఊళ్ళవాళ్ళు ఆ అద్దాల పెట్టెల ముందు నిలబడితే చరిత్ర పాఠంలా అనిపించదు, ఒళ్ళు మండుతుంది. డెర్బీషైర్‌లో కెడిల్‌స్టన్ హాల్‌లో వైస్రాయి కర్జన్ పోగేసినవీ ఉన్నాయి. ఇలాంటి ఇళ్ళకి సేవ చేయడం ఏంటని ఒక ఫ్రెండు నన్ను నిలదీశాడు. నా మటుకు నాకు, ఆ గదిలో కథ చెప్పే మనిషి మనవాడైతే కథలో మన ముక్క ఎగిరిపోదు. నేనున్న చోట ఇచ్చిన నోట్స్‌లో "తూర్పు దేశాల వ్యాపారం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు, ఆ వ్యాపారం ఏమిటో వచ్చినవాళ్ళకి నేను నోటితో చెబుతాను, ఇంతవరకూ ఎవరూ వద్దనలేదు.

బయటి పనికి అయిదు మార్కులు ఎందుకంటే, సాయంత్రానికి చేసింది కళ్ళకి కనబడుతుంది. సిమెంటూ సున్నం లేని రాతి గోడ కట్టడం నేర్పిస్తారు. అడుగున పెద్ద రాళ్ళు, పైకి పోయే కొద్దీ చిన్నవి, రెండు వైపుల నుంచీ కాస్త లోపలికి వాలుతూ రెండు ముఖాలు లేస్తాయి. ఒక రాయి మీద రెండు, రెండు రాళ్ళ మీద ఒకటి, అతుకు మీద అతుకు పడకూడదు. మధ్యలో ఖాళీని చిన్న రాళ్ళతో ఒక్కొక్కటిగా కూరాలి, తట్టతో గుమ్మరిస్తే గోడ పొట్ట ఉబ్బి కూలుతుంది. సగం ఎత్తులో అక్కడక్కడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పోయే పొడుగు రాళ్ళు వేస్తే గోడ రెండుగా చీలదు. చేతికెత్తిన రాయిని మళ్ళీ కింద పెట్టొద్దు, దానికి ఎక్కడో ఒక చోటు చూడు అంటారు పాత పనివాళ్ళు. వినడానికి బానే ఉంటుంది గానీ, చేతిలో అంత బరువు పెట్టుకుని చోటు వెతకడం అంటే నడుం చెబుతుంది ఆ సంగతి.

చలికాలంలో మొక్కల కంచె (హెడ్జ్) పని. మొక్కల కాండాన్ని మొదట్లో దాదాపు తెగేదాకా నరికి, కొంచెం బెరడూ చెక్కా మిగిల్చి, పక్కకి వాల్చి, గుంజల మధ్య అల్లేస్తారు. ఆ మిగిలిన ముక్కతోనే కాండం బతుకుతుంది, మొదట్లోంచి కొత్త చిగుళ్ళు లేచి కంచె చిక్కబడుతుంది. దానికి వాడే బిల్‌హుక్ అచ్చం మన వేటకొడవలికి తమ్ముడు. మార్చి నుంచి ఆగస్టు దాకా పక్షులు గూళ్ళు పెట్టే కాలం, అప్పుడు కంచెల జోలికి పోరు.

ఎండాకాలంలో పీకేది హిమాలయన్ బాల్సమ్. పేరుకి తగ్గట్టే హిమాలయాల మొక్క, గులాబీ రంగు పూలు చూసి ముచ్చటపడి 1839లో ఇక్కడికి తెచ్చుకున్నారు, ఇప్పుడు నది గట్లన్నీ అదే. మనిషిని మించి ఎదుగుతుంది, కాయ పండితే చిన్న తాకిడికే పేలి గింజలు ఏడు మీటర్ల దూరం దాకా ఎగురుతాయి, చలికాలానికి చచ్చి గట్టుని బోడిగా వదిలేస్తుంది, దాంతో మట్టి కోసుకుపోతుంది. వేరు పైపైనే ఉంటుంది, పట్టుకుని లాగితే చాలు. పిల్లలకి కూడా సరదా పని. గింజ కట్టకముందు, అంటే జూన్, జులైల్లో వెళ్ళాలి. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, దాని పక్కనే నెటిల్స్ అని ఒళ్ళు మండించే మొక్కలు ఉంటాయి.

వీసా మీద ఉన్నవాళ్ళకి ఒక మాట. చుట్టపుచూపుగా విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు కూడా రిజిస్టరైన ఛారిటీలో మొత్తం కలిపి 30 రోజుల దాకా వాలంటీరు పని చేయొచ్చు. తోటపని తెలిసిన అత్తయ్యలకీ మావయ్యలకీ ఫ్లాట్‌లో కూర్చుని సీరియళ్ళు చూడడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం, భాష రాకపోయినా కలుపు కలుపే. స్టూడెంట్లు మాత్రం జాగ్రత్త. వాలంటీరింగ్ వేరు, జీతం లేని ఉద్యోగం వేరు. కాంట్రాక్టుతో, కచ్చితంగా రావాల్సిన గంటలతో ఉంటే అది రెండోది, స్టూడెంట్ వీసాకి ఉన్న వారానికి 20 గంటల పని లెక్కలోకి వచ్చేస్తుంది. సంతకం పెట్టే ముందు యూనివర్సిటీలో అడగండి. వాలంటీర్లని చేర్చుకునే ఆఫీసు ఎలాగూ వారాల తరబడి జవాబివ్వదు కాబట్టి అడగడానికి టైం బోలెడు ఉంటుంది.