వెనక గదులు, పైన ఫ్లోరు పెంచిన ఇల్లు కొంటున్నారా? పక్కింటి కేసు కూడా మీకే వస్తుంది, జాగ్రత్త

కోనసీమలో గానీ, పాలకొల్లు భీమవరం వైపు గానీ టౌన్లో పాత ఇల్లు కొందామని చూస్తున్న వాళ్ళందరికీ ఈ పోస్టు. ముఖ్యంగా కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉండి ఇక్కడ అమ్మానాన్నల చేత, అత్తమామల చేత బేరం చేయిస్తున్న వాళ్ళు పూర్తిగా చదవండి. మొదట చిన్న ఇంటికి ప్లాన్ తీసుకుని తర్వాత వెనక, పక్కన, పైన పెంచుకుంటూ పోయిన ఇల్లు అయితే బయానా ఇవ్వకముందే పక్కింటి వాళ్ళతో మాట్లాడండి. అమ్మేవాళ్ళు వద్దన్నా మాట్లాడండి, వద్దన్నారంటే ఇంకా తప్పనిసరిగా మాట్లాడండి. ఊరి పేరు, అమ్మినాయన పేరు రాయట్లేదు, విషయం కోర్టులో ఉంది.

మావారు కువైట్‌లో ఉంటారు. బేరం అంతా మా మావయ్యగారు, నేను చూసుకున్నాం. ఐదు సెంట్లు, అంటే 242 గజాల సైటు, రోడ్డు వైపు పాత రెండంతస్తుల ఇల్లు, దాని వెనక ఆనించి కొత్తగా మూడు అంతస్తుల బ్లాకు, దానిపైన రేకులతో ఒక పెంట్‌హౌస్. అద్దెలు వస్తాయి, పిల్లలు పెద్దయ్యాక పైన ఉండొచ్చు అని చెప్పారు. చూడ్డానికి నిజంగా బాగుంది, కొత్త పెయింటు, వెనక గదుల్లో పీఓపీ సీలింగు, టైల్స్ అన్నీ మెరిసిపోతున్నాయి. మేము వెళ్ళినప్పుడల్లా బ్రోకరు పక్కనే ఉండేవాడు, మావయ్యగారు వెనక ప్రహరీ వైపు వెళ్తుంటే అటు బురదండి రండి పైన చూద్దాం అని తిప్పేసేవాడు, పక్కింటాయన అరుగు మీద కూర్చుని మావైపు చూస్తుంటే ఆయనకి మతి సరిగ్గా ఉండదండి పలకరిస్తే వదలడు అన్నాడు.

ఆయన రిటైర్డ్ హైస్కూల్ మాస్టారు. ఇప్పటికీ సాయంత్రం పూట వీధిలో పిల్లలకి లెక్కలు చెప్తారు. అలాంటి మనిషికి పిచ్చి అని చెప్పి మాకు ఇల్లు అమ్మారు, మొత్తం వ్యవహారంలో నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే.

రిజిస్ట్రేషన్ అయ్యి గృహప్రవేశం చేసుకున్న కొన్నాళ్ళకి కోర్టు నుంచి కాగితం వచ్చింది. చూస్తే మాస్టారు పాత ఓనరు మీద ఎప్పుడో వేసిన దావా, ఇప్పుడు ఆస్తి మా పేరు మీదకి వచ్చింది కాబట్టి మమ్మల్ని కూడా చేర్చమని పిటిషన్. దానికి ముందే మునిసిపాలిటీ వాళ్ళు 1965 మునిసిపాలిటీల చట్టం 228 సెక్షన్ కింద ప్రొవిజనల్ ఆర్డరు, తర్వాత కన్ఫర్మేషన్ ఆర్డరు కూడా ఇచ్చి ఉన్నారు, అంటే ప్లాన్‌కి విరుద్ధంగా కట్టిన భాగం తీసెయ్యాలని. ఇవేవీ మాకు ఒక్క ముక్క చెప్పలేదు. మాకిచ్చిన ఫైల్లో ప్లాన్ జిరాక్స్ ఉంది గానీ అందులో సైట్ ప్లాన్ షీటు (స్థలంలో ఇల్లు ఎక్కడ కట్టాలి, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి అని చూపించేది) లేదు, గదుల డ్రాయింగు ఒక్కటే ఉంది. అసలు కాపీ తెప్పించి చూస్తే గ్రౌండ్ ప్లస్ ఒకటికే పర్మిషన్, వెనక మీటరున్నర ఖాళీ వదలాలని ఉంది. అక్కడ ఇప్పుడు చెయ్యి పట్టే సందు లేదు.

మాస్టారి ఇంటికి వెళ్ళి చూశాను. చిన్న పెంకుటిల్లు, వాళ్ళ నాన్నగారి కాలంలో కట్టింది. రోడ్లు పోసీ పోసీ వీధి లేచింది, దానికి తోడు మా ఇంటి పాత ఓనరు వెనక భాగం కట్టేటప్పుడు బాగా మెరక తోలించాడు, దాంతో ఆయన పెరడు గుంటలా అయిపోయింది. మన డెల్టాలో నీళ్ళకి వాలు ఎక్కడుందండి, ఎక్కడ పల్లం ఉంటే అక్కడే నిలబడిపోతాయి. మా స్లాబు పైపులు రెండు సరిగ్గా ఆయన పెరట్లోకే పెట్టారు. వాన పడుతుంటే ఆ నీళ్ళు ఆయన పెంకుల మీద పడి వంటింటి గోడ వెంబడి కారుతున్నాయి. ఆ గోడకి పైనుంచి కిందకి ఐమూలగా బీట, దాని మీద ఆయన చిన్న గాజు పలక సిమెంటుతో అతికించి పక్కన పెన్సిల్‌తో తేదీ రాశారు. బీట పెరిగితే గాజు పగులుతుందట. మూడు పలకలు ఉన్నాయి, మూడూ పగిలిపోయి ఉన్నాయి. పక్కనే ఉన్న తలుపు గడియ పడట్లేదు, ద్వారబంధం వంగింది. నేను ఏం మాట్లాడగలను చెప్పండి.

మాకు తెలిసిన ఒక ఇంజనీరు గారిని తీసుకొచ్చి చూపిస్తే ఆయన వివరంగా చెప్పారు. మన దగ్గర అడుగున అంతా నల్ల బంకమట్టి, నాలుగడుగులు తవ్వితే నీళ్ళు. పక్క హద్దులో పునాది తవ్వి మోటారు పెట్టి నీళ్ళు తోడేస్తే పక్కింటి పునాది కింద నేల కూడా నీళ్ళు వదిలి దిగుతుంది. తర్వాత మూడంతస్తుల బరువు హద్దు మీదే పెడితే ఆ బరువు మన సైటులోనే ఆగదు, పక్కాయన పునాది కిందకీ పోతుంది. బంకమట్టి ఒక్కసారిగా కూరుకుపోదు, ఏళ్ళ తరబడి నెమ్మదిగా నొక్కుకుంటుంది, అందుకే కట్టినప్పుడు ఏమీ కనిపించదు. వెనక బ్లాకు కూడా అదే పని చేస్తోంది. పాత ఇల్లు దిగాల్సినంత ఎప్పుడో దిగిపోయింది, కొత్తది ఇప్పుడు దిగుతోంది, రెండూ కలిసిన చోట పై నుంచి కింద దాకా నిలువు బీట. దాన్ని లప్పం పెట్టి పెయింటు వేసి, కింద భాగం కనపడకుండా బీరువా పెట్టి చూపించారు మాకు. మొదటి వర్షాకాలంలోనే లప్పం ఊడింది, ఆ జాయింటులోంచి నీళ్ళు మా పడకగదిలోకి వస్తున్నాయి. కొత్త పెయింటు వాసన వచ్చే పాత ఇంట్లో పాత కట్టడం, కొత్త కట్టడం కలిసే గోడ దగ్గర బీరువాలు జరిపించి మరీ చూడండి.

ఇప్పుడు చట్టం సంగతి, లాయరు గారు చెప్పింది చెప్తున్నాను. దావా నడుస్తుండగా ఆస్తి అమ్మితే కొన్నవాళ్ళకి కూడా ఆ తీర్పు వర్తిస్తుంది, ఆస్తి బదిలీ చట్టం 1882లో 52 సెక్షన్ అది. మాకు తెలీదండి, మేము డబ్బులిచ్చి కొన్నాం అంటే కుదరదు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే అన్నీ తెలిసిపోతాయనుకుంటాం. ఈసీలో ఉండేది రిజిస్టరు అయిన లావాదేవీలు, అమ్మకాలు తనఖాలు లాంటివి. పక్కింటాయన వేసిన ఇంజంక్షన్ (కోర్టు నిషేధ ఉత్తర్వు) దావా గానీ మునిసిపాలిటీ నోటీసు గానీ మా ఈసీలో ఎక్కడా లేవు, నీట్‌గా ఉంది. దస్తావేజులో ఎట్టి తగాదాలు, కోర్టు వ్యవహారాలు లేవు అనే లైను ఉంది కదా అంటారా, ఆ లైను అందరి దస్తావేజుల్లోనూ అచ్చు వేసినట్టు ఉంటుంది. అది పట్టుకుని అమ్మినాయన మీద వేరే దావా వెయ్యొచ్చు, మేము వేస్తున్నాం కూడా, కానీ ఆయన అమ్మేసి హైదరాబాద్ వెళ్ళిపోయారు, ఇక్కడ రోజూ మాస్టారి ముఖం చూడాల్సింది మేము.

అదే చట్టంలో 55వ సెక్షన్ ప్రకారం ఆస్తిలో ఉన్న పెద్ద లోపం తనకి తెలిసి కొనేవాళ్ళకి తెలియకపోతే అమ్మేవాడు చెప్పి తీరాలి. కానీ అక్కడొక మెలిక ఉంది, కొనేవాళ్ళు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం అయ్యుండాలి. మునిసిపాలిటీకి వెళ్ళి అడిగితే తెలిసేది కదా అని వాళ్ళ లాయరు ఇప్పుడు అదే వాదిస్తున్నాడు. అందుకే అగ్రిమెంటులోనే, ఈ ఇంటి మీద మునిసిపాలిటీ నోటీసులు గానీ పక్కవాళ్ళ ఫిర్యాదులు గానీ దావాలు గానీ లేవు, ఉన్నట్టు తేలితే అడ్వాన్సు, ఖర్చులు మొత్తం వెనక్కి ఇస్తాను అని విడిగా, స్పష్టంగా రాయించుకోండి. ఆ మాట రాయడానికి నసిగితే మీకు సమాధానం దొరికినట్టే.

అమ్మేవాళ్ళు చెప్పే ధైర్యాలు కొన్ని ఉంటాయి, అవన్నీ మాకూ చెప్పారు. ఒకటి ఇంటి పన్ను. మొత్తం మూడంతస్తులకీ మునిసిపాలిటీ పన్ను కట్టించుకుంటోందండి, అక్రమం అయితే ఎందుకు కట్టించుకుంటారు అన్నారు. పర్మిషన్ లేని కట్టడానికి కూడా పన్ను వేస్తారు, పైగా పెనాల్టీతో కలిపి వేస్తారు, పన్ను కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం అయిపోదు. డిమాండ్ నోటీసు అడిగి తీసుకుని అందులో అనధికార కట్టడం పెనాల్టీ అనే కాలమ్‌లో అంకె ఉందేమో చూడండి. మా ఇంటి నోటీసులో ఉంది. మాకు రసీదు ఒక్కటే చూపించారు, నోటీసు చూపించలేదు.

రెండోది బీపీఎస్. అక్రమ కట్టడాలని పెనాల్టీ కట్టించుకుని క్రమబద్ధీకరించే స్కీము మన దగ్గర 2007లో, 2015లో, 2019లో వచ్చింది, దాంతో ఏదో ఒక రోజు రెగ్యులర్ అయిపోద్దిలే అని జనం కట్టేస్తున్నారు. మాకు 2019 స్కీములో అప్లై చేసిన రసీదు చూపించి అయిపోయినట్టే అన్నారు. అప్లై చేసిన రసీదు వేరు, మంజూరు ప్రొసీడింగ్స్ (క్రమబద్ధీకరించామని ఇచ్చే ఉత్తర్వు) వేరు. ఆ స్కీముకి కటాఫ్ 2018 ఆగస్టు 31. మా మరిది గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల ఫొటోలు తీసి చూపించాడు, కటాఫ్ దాటిన తర్వాత ఫొటోలో కూడా వెనక బ్లాకు ఉన్న చోట నాలుగు కొబ్బరిచెట్ల మొవ్వులు గుండ్రంగా కనిపిస్తున్నాయి. అంటే తేదీ కూడా అబద్ధమే రాశారు. ఇది ఎవరైనా కంప్యూటర్లో ఉచితంగా చూసుకోవచ్చు, తప్పకుండా చూడండి. ఇంకోటి, ప్రభుత్వ స్థలం, చెరువు స్థలం ఆక్రమించి కట్టినవి ఈ స్కీములోకి రావు. మన వైపు సగం ఇళ్ళ పెరళ్ళు కాలవ గట్టు మీదకో డ్రైను పోరంబోకులోకో జరిగి ఉంటాయి కాబట్టి హద్దులు సర్వేయరు చేత కొలిపించండి.

మూడోది, కట్టి ఇన్నేళ్ళయింది ఇప్పుడెవరు కూలుస్తారండి అనే మాట. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటుంది, ఎక్కువ కాలం అయిందనీ చాలా డబ్బు పెట్టామనీ అక్రమ కట్టడాన్ని కాపాడలేం అని అందులో స్పష్టంగా చెప్పారు. కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారని ఇచ్చేది) చూశాకే బ్యాంకులు లోను ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. మనకి చిన్న టౌన్లలో ఆ సర్టిఫికెట్ పేరు కూడా చాలామంది వినలేదు, మీరు మాత్రం అడగండి.

మాస్టారి వైపు చూస్తే ఆయనకి మునిసిపల్ రూల్స్ ఒక్కటే కాదు, ఇంకో హక్కు కూడా ఉందని తెలిసింది. 20 ఏళ్ళు ఆటంకం లేకుండా కిటికీలోంచి వచ్చిన గాలి వెలుతురు మీద హక్కు ఏర్పడుతుందని 1882 ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్. ఆయన దేవుడి గది కిటికీ వాళ్ళ నాన్నగారి రోజుల నుంచి ఉంది, ఇప్పుడు దానికి ఎదురుగా మా వెనక గోడ, పట్టపగలు లైటు వేసుకుంటున్నారు. కాబట్టి రేపు ఏదో స్కీములో మునిసిపాలిటీకి పెనాల్టీ కట్టినా ఆయన సివిల్ దావా దానంతట అది పోదు.

ఏం చెయ్యాలి అని అడిగేవాళ్ళకి చెప్తున్నాను. మునిసిపాలిటీలో ఆ డోరు నంబరు మీద శాంక్షన్ ప్లాన్ కాపీ, ఆ ఇంటి మీద ఇచ్చిన నోటీసుల కాపీలు కావాలని సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి, 30 రోజుల్లో ఇవ్వాలి, అది వచ్చేదాకా ఎంత తొందరపెట్టినా బయానా ఇవ్వొద్దు. వేరే పార్టీ రెడీగా ఉందండి అంటారు, ఉండనివ్వండి. వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని అడిగితే అక్కడ ఫిర్యాదులు ఉన్నాయో లేదో నోటిమాటగా అయినా తెలిసే అవకాశం ఉంది. ఈకోర్ట్స్ (కోర్టు కేసుల వివరాలు చూసుకునే) సైట్‌లో అమ్మేవాళ్ళ పేరు కొట్టి వెతకండి, ఇంటిపేరు ముందొకసారి వెనకొకసారి, స్పెల్లింగులు మార్చి మార్చి కొట్టండి, మా కేసులో ఇంటిపేరు పొడి అక్షరాల్లో ఉండడం వల్ల మామూలుగా వెతికితే దొరకలేదు. ప్లాన్ చేతికొచ్చాక టేపు పట్టుకుని నాలుగు వైపులా ఖాళీ కొలవండి. కొలవడానికి వెనక వైపు వెళ్ళే దారే లేకపోతే ఇంక కొలవక్కర్లేదు.

మా పరిస్థితి ఏంటంటే, స్లాబు పైపులు మా వైపుకి తిప్పించేశాం, పెంట్‌హౌస్ రేకులు విప్పించేశాం, మాస్టారి వంటింటి గోడ రిపేరు ఖర్చు మేము పెట్టుకుంటాం అని చెప్పాం. ఆయన వద్దమ్మా కోర్టులో తేలనీ అన్నారు, కానీ ఈ మధ్య పలకరిస్తున్నారు. వెనక బ్లాకులో ఎంత భాగం తియ్యాలో తీర్పు వస్తే గానీ తెలీదు, పాత ఇంటికి దెబ్బ తగలకుండా అది విడదియ్యాలంటే మళ్ళీ ఎంతవుతుందో ఇంజనీరు గారు లెక్క వేస్తున్నారు. అదే బ్రోకరు ఇప్పుడు మా వీధి చివర ఇంకో ఇల్లు, ఇలాగే వెనక పెంచింది, ఫొటోలు పంపించి విదేశాల్లో ఉన్నవాళ్ళకి చూపిస్తున్నాడని తెలిసింది. కోనసీమ టౌన్లో ఐదు సెంట్లు, మూడు పోర్షన్ల అద్దె, అర్జెంట్ సేల్ అని మీకు ఎవరైనా పంపిస్తే వాళ్ళని ముందు శాంక్షన్ ప్లాన్‌లో సైట్ ప్లాన్ షీటు అడగండి, మీవాళ్ళని ఒకరిని పంపించి పక్కింటి తలుపు కొట్టించండి.