కోరలు ఇద్దరివీ, చెవిగోడ ఒకరిదే: హాప్లోఫోనియస్, స్మైలోడాన్

హాప్లోఫోనియస్, స్మైలోడాన్ రెండూ కత్తుల్లాంటి పైకోరలున్న, ఇప్పుడు లేని మృగాలు. వాటి పుర్రెలను పక్కపక్కన పెడితే చిన్నదీ పెద్దదీ అనిపిస్తాయి, అంతే. ముందు కింది దవడ చూడండి. హాప్లోఫోనియస్‌కు గడ్డం దగ్గర ఎముక రేకులా కిందికి దిగి ఉంటుంది. నోరు మూస్తే పైకోర దాని పక్కన ఒరలో కత్తిలా ఆనుకుంటుంది. స్మైలోడాన్‌కు ఆ రేకు దాదాపు లేనట్టే.

అసలు తేడా చెవి దగ్గర. పుర్రె అడుగున మధ్యచెవిని కప్పే ఎముక బుడగ ఉంటుంది. స్మైలోడాన్‌లో, మన ఇంటి పిల్లిలో లాగే, దాన్ని రెండు గదులు చేసే ఎముక గోడ ఉంది. హాప్లోఫోనియస్‌లో లేదు. అందుకే అది పిల్లి కాదు, నిమ్రావిడ్, అంటే పిల్లిలా కనిపించే వేరే వంశపు మృగం. కోరలు చూసి చుట్టరికం కలిపితే తప్పులో కాలేసినట్టే. ఆ ఆయుధం వేర్వేరు వంశాల్లో విడివిడిగా పుట్టింది.

కాలమూ కలవదు. హాప్లోఫోనియస్ దక్షిణ డకోటా బ్యాడ్‌ల్యాండ్స్ రాళ్ళలో దొరుకుతుంది, వయసు దాదాపు 3 కోట్ల ఏళ్ళు. లాస్ ఏంజెలెస్‌లోని లా బ్రియా తారు గుంటల్లో కుప్పలుగా దొరికిన స్మైలోడాన్ నిన్నమొన్నటిది, మంచుయుగం చివర్లో పోయింది.

స్మైలోడాన్‌లలో అన్నిటికన్నా పెద్ద జాతి పాపులేటర్. దాని కోర వేరుతో కలిపి 28 సెం.మీ. దాకా ఉంటుంది. పైగా పక్కలకు చదును. వేట గింజుకుని పక్కకు లాగినా, కోర ఎముకకు తగిలినా విరిగే ప్రమాదం. అందుకే కాబోలు, దాని ముంగాళ్ళు అంత మోటు: ముందు అదిమిపట్టాలి, తర్వాతే కాటు.