బ్రెస్ట్ లిఫ్ట్ చేయించుకున్న ఐదో ఏడు: ఆకారం బాగుంది, నా కోపమంతా మచ్చల మీదే

బ్రెస్ట్ లిఫ్ట్, అంటే జారిన రొమ్ముల్ని పైకి ఎత్తే ఆపరేషన్, ఎలా చేస్తారు, ఎన్ని గంటలు పడుతుంది, ఎన్నాళ్లు బరువులెత్తకూడదు అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి. వాటి జోలికి పోను. ఏళ్లు గడిస్తే తప్ప తెలియనివి కొన్ని ఉంటాయి. అందులో మొదటిది మచ్చ. రొమ్ము కింది మడత పొడవునా ఉండే అడ్డగీత గురించి ఆపరేషన్‌కి ముందు నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

నేనెందుకు వెళ్లానో ముందు చెప్పాలి. నాకు ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్లే. మొదటినుంచీ నాది నిండైన ఒళ్లు. నలభై దగ్గరపడేసరికి చనుమొనలు మడత కంటే బాగా కిందికి దిగి నేలవైపు తిరిగిపోయాయి. డాక్టర్ల లెక్కలో అది మూడో గ్రేడ్. అద్దంలో చూసుకుంటే బాధ కలిగేది, అది దాచను. కానీ నన్ను ఆపరేషన్ దాకా తీసుకెళ్లింది విజయవాడ ఎండలు. మార్చి వచ్చిందంటే మడత కింద చెమట నిలిచి, చర్మం ఒరుసుకుపోయి, ఎర్రగా కమిలి ఫంగస్ పట్టేది. క్లోట్రిమజోల్ పౌడరు చల్లుకుని, కాటన్ చేతిరుమాలు మడిచి అక్కడ పెట్టుకుని స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. మధ్యాహ్నానికి ఆ రుమాలు తడిసి ముద్దయ్యేది. స్టాఫ్ రూమ్‌లో మార్చుకోవడానికి చాటు దొరకని రోజున సాయంత్రం దాకా ఆ మంటతోనే నిలబడాలి.

ఆ బాధ పూర్తిగా పోయింది. ఆపరేషన్ తర్వాత మొదటి మే నెల రుమాలు లేకుండా గడిచినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. కొత్త జాకెట్లు కుట్టించుకున్నాను. అడిగినవాళ్లందరికీ "ఇరవై ఏళ్ల వయసులో ఉన్నట్టుంది" అని చెప్పాను.

ఇక మచ్చ సంగతి. మూడో గ్రేడ్ కాబట్టి నాకు పెద్ద కోత తప్పలేదు. చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం వెంబడి ఒకటి, అక్కడి నుంచి కిందికి నిలువుగా ఒకటి, మడత వెంట అడ్డంగా ఒకటి. కొద్దిగా జారినవాళ్లకి వలయం చుట్టూ కోతతోనో, దానికి నిలువు గీత ఒక్కటి కలిపో సరిపోవచ్చు. మొదటి వారాల్లో నా కుట్లన్నీ సన్నటి గీతల్లా ఉన్నాయి. చాలా బాగా మానుతున్నాయని ఆసుపత్రిలో మెచ్చుకున్నారు. రెండు మూడు నెలలు గడిచాక అడ్డగీత రెండు చివరలూ, అంటే రొమ్ముల మధ్య ఎముక దగ్గరా, చంక వైపూ, ఎర్రబడి ఉబ్బడం మొదలైంది. ఉబ్బుతో పాటు దురద. క్లాసులో ఉండగా వచ్చే ఆ దురదని ఓర్చుకోవడం నొప్పిని ఓర్చుకోవడం కంటే కష్టం. తర్వాత ఎరుపు కాస్తా నలుపుగా మారింది, గట్టిపడింది.

చూపిస్తే "కొందరికి అలా వస్తుంది, సిలికాన్ షీట్ వాడండి" అన్నారు. ఆ షీట్ రోజులో సగం పైనే, నెలల తరబడి, చర్మానికి అంటుకుని ఉండాలి. విజయవాడలో ఏప్రిల్లో అది ఎలా నిలుస్తుంది? బస్ ఎక్కేలోపే చెమటకి జారి బ్రా పట్టీలోకి ముడుచుకుపోయేది. కింద చెమటకాయలు లేచేవి. రోజూ రాత్రి సబ్బుతో కడిగి ఆరబెట్టినా రెండు వారాలకే దుమ్ము పట్టి అంటుకోవడం మానేసేది. కొత్తది కొనాలి. చివరికి షీట్ రాత్రిళ్లు ఫ్యాన్ కిందికి పరిమితమైంది. పగలు సిలికాన్ జెల్ రాసుకున్నాను.

అది చాలక చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్లాను. ఆవిడ మచ్చ చూడకముందే అడిగిన ప్రశ్నలు: "చెవులు కుట్టిన చోట గడ్డ కట్టిందా? సిజేరియన్ కుట్టు ఎలా మానింది?" నా సిజేరియన్ కుట్టు ఏళ్ల తరబడి తాడులా ఉబ్బి ఉంది. ఆపరేషన్‌కి ముందు నన్ను పరీక్షించినవాళ్లందరి కంటా అది పడింది. కానీ ఒక్కరూ దాని గురించి ఒక్క మాట అనలేదు. ముదురు రంగు చర్మానికి మచ్చ ఉబ్బే గుణం, నల్లబడే గుణం ఎక్కువని, రొమ్ముల మధ్య ఎముక మీది చర్మం అందులో మరీ మొండిదని ఆవిడ చెబితేనే తెలిసింది. ఇది కొత్తగా కనిపెట్టిన విషయమేమీ కాదు. కత్తి పట్టే ప్రతి డాక్టరుకీ తెలిసిందే.

నాది కెలాయిడ్ కాదని, హైపర్ట్రోఫిక్ మచ్చ అని తేల్చారు. కెలాయిడ్ అయితే కోత హద్దు దాటి పక్క చర్మంలోకి పాకుతుంది. నాది హద్దులోనే ఉబ్బింది. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి ట్రైయామ్సినోలోన్ అనే స్టిరాయిడ్ ఇంజెక్షన్ మచ్చలోకే ఇచ్చారు. గట్టిపడిన మచ్చలోకి మందు సులువుగా ఎక్కదు, సూదిని నొక్కి ఎక్కించాలి. రెండు సిజేరియన్లు చూసినదాన్ని, ఆ కుర్చీలో కళ్లనీళ్లు పెట్టుకున్నాను. మచ్చ చదునైంది, దురద చాలా వరకు పోయింది. కానీ మందు పడ్డ చోట చర్మం పలచబడి చిన్న గుంటలా తెల్లబారింది. నలుపు పక్కన ఆ తెలుపు కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

నిలువు గీత, వలయం చుట్టూ ఉన్న గీత మాత్రం ఏడాదిన్నరకి బాగా కలిసిపోయాయి. అది చెప్పకపోతే అన్యాయం. మచ్చ చివరి రూపానికి రావడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది కాబట్టి ఆరు నెలల ఫొటోలు చూసి నిర్ణయానికి రావద్దు. నాకు చూపించిన ఫొటోలన్నీ ఎదురుగా నిలబెట్టి తీసినవి, అందరూ తెల్లటి ఒంటి రంగువాళ్లే. అలా తీస్తే మడత కింద ఏముందో కనబడదు. మనలాంటి చామనఛాయ వాళ్లవి, చేతులు పైకెత్తి తీసినవి, ఏడాది దాటినవి చూపించమని అడగండి. అవి లేవంటే ఇంకో డాక్టరుని చూడండి. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ డిగ్రీ ఉందో లేదో అడగడానికి మొహమాటపడొద్దు.

డబ్బు విషయం ఒక్క మాటలో: అందం కోసం చేసే సర్జరీకి మన ఆరోగ్య బీమా రాదు, బిల్లు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. మచ్చ వైద్యం ఖర్చు ప్యాకేజీలో లేదు.

మా అమ్మ ఇప్పటికీ "పిల్లలకి అన్నాళ్లు పాలిచ్చావు, అందుకే ఇలా అయింది" అంటుంది. ఈ మాట విని పాలివ్వడానికి వెనకాడే అమ్మాయిల్ని మా స్కూల్లోనే చూశాను. నాకు కడుపు మండిపోతుంది. అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయం ప్లాస్టిక్ సర్జన్లు 2008లో ప్రచురించిన అధ్యయనంలో జారడానికి కారణాలుగా తేలినవి వయసు, ఒంటి బరువు, ఎన్ని కాన్పులు, గర్భానికి ముందే రొమ్ము పరిమాణం పెద్దదిగా ఉండటం, పొగ తాగడం. పాలివ్వడం కారణమని తేలలేదు. పాలు ఇవ్వండి.

ఇరవై ఏళ్ల వయసులో ఉన్నట్టుందన్న నా పాత మాటని కొంచెం సవరించాలి. మొదటి నెలల్లో ఆ నిండుతనంలో కొంత వాపు కూడా ఉంది. లిఫ్ట్ చర్మాన్ని సవరించి పైకి ఎత్తుతుంది కానీ కొత్తగా కండ పెట్టదు. ఇప్పుడు రొమ్ము పైభాగం చదునుగానే ఉంది. ఇంప్లాంట్ పెట్టించుకుంటే అక్కడ నిండేదేమో, మళ్లీ మార్పించుకోవాల్సిన వస్తువు ఒంట్లో వద్దనుకున్నాను. ఈ రెండేళ్లలో బరువు పెరిగాను, కాస్త కిందికి దిగాయి కూడా. అయినా మడత కింద చెమట నిలిచేంత కాదు. ఎడమ చనుమొనలో స్పర్శ సగమే తిరిగొచ్చింది. మామోగ్రామ్‌కి, అంటే రొమ్ము ఎక్స్‌రే పరీక్షకి, వెళ్లినప్పుడల్లా ఈ ఆపరేషన్ జరిగిందని ముందే చెబుతాను, లోపలి మచ్చల్ని చూసి అనవసరంగా భయపెట్టకుండా.

చేయించుకోవచ్చా అంటే, ఆ ఒరుపు, ఆ ఫంగస్ లేకపోయి ఉంటే ఈ చర్మంతో నేను వెళ్లేదాన్ని కాదనుకుంటాను. అవి ఉన్నాయి కాబట్టి మచ్చలతో సహా నాకు ఇదే మేలు. మా చెల్లెలు నన్ను చూసి తనూ చేయించుకుంటానంటోంది. తనకి చెవి కుట్టిన చోట కెలాయిడ్ ఉంది, ఇంకో బిడ్డ కావాలనీ ఉంది. ముందు ఆ కాన్పు కానివ్వు, పాలు మాన్పించాక ఆరు నెలలు ఆగు, అప్పుడు సర్జన్ కంటే ముందు చర్మ వైద్యురాలికి ఆ చెవి చూపించు అన్నాను.